అద్దెకివ్వని గొంతు

“ఇది ఎవరి పని అన్నా?” మహిత ఫోన్‌ను మిక్సర్ పక్కన పెట్టి పాట మోగించింది.

హన్మకొండలోని ఆ చిన్న స్టూడియోలో ఉమాకాంత్ గొంతు ఖంగుమంది. డప్పు దరువు మీద నాలుగు ర్యాప్ చరణాలు. చివర్న దరువు ఆగిపోయి, “అవ్వా, బువ్వ తిన్నవానే?” అన్న మెత్తటి మాట.

ఉమాకాంత్ బైకు ప్రమాదంలో పోయి ఏడాది దాటింది.

రికార్డింగ్ పని చూసే ఓంప్రకాశ్ తల ఎత్తకుండా తీగలు సర్దసాగాడు.

“మన మోత రికార్డ్స్‌ల ఇసొంటి పాటే లేదు. కంప్యూటర్‌తోని పుట్టిచ్చిన గొంతు ఇది. ఆని రికార్డింగులన్నీ నీ తాననే ఉన్నయి. చెప్పన్నా!”

“నన్నేం అడుగకు చెల్లె.”

మహితకు ఒళ్లు మండిపోయింది. ఓరుగల్లు యాసలో ర్యాప్ ఎవడు వింటాడని హైదరాబాద్ కంపెనీలు నవ్విన రోజుల్లో ఉమాకాంత్‌తో కలిసి తామిద్దరూ పెట్టిన మ్యూజిక్ లేబుల్ మోత. ఇప్పుడు ఖిలా వరంగల్ గోడలెక్కి కూర్చునే కుర్రకారంతా ఆ యాసలోనే పాడుతున్నారు. నవ్విన కంపెనీలే ఉమాకాంత్ గొంతు కావాలంటూ వచ్చాయి. ‘నా గొంతు ఎవనికీ కిరాయికియ్యద్దు’ అని అతను బతికుండగా అన్న మాట కోసం, వాళ్లను వెనక్కి పంపింది ఈ ఇద్దరే.

“ఆని గొంతు కంపెనీకి ఇచ్చినవ్ గదా? ఆఖరికి ఆని అవ్వను గూడ ఇడిసిపెట్టలే. ఈ రోజుతోని నీకూ మోతకూ సంబంధం లేదు!”

ఓంప్రకాశ్ లేచాడు. స్టూడియో తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టి బయటికి నడిచాడు.

మహిత నేరుగా కరీమాబాద్‌లోని ఉమాకాంత్ ఇంటికి వెళ్లింది. అతని తల్లి మొగిలమ్మ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతోంది.

“పెద్దమ్మా, ఆ పాట నీ దాకా వచ్చిందా?”

“ఇన్న.”

“మొదలు మీ వాడకట్టు ఫోన్లల్లనే తిరిగిందట. నువ్వేం ఫికర్ చేయకు. ఓంప్రకాశ్ అన్న మీద కేసు పెడ్తాన. కన్నతల్లివి, నువ్వు జర స్టేషన్‌కు రావాలె.”

రాట్నం ఆగింది.

“ఓంప్రకాశ్ ఏమన్నడు?”

“ఏమంటడు? తప్పు జేసినోనికి మాటెట్లొస్తది?”

మొగిలమ్మ తెగిన పోగును ముడివేయబోయింది. కళ్లకు నీళ్లు అడ్డొచ్చి పోగు జారిపోయింది. మహిత ఆమె భుజం పట్టుకుంది.

“ఏడ్వకు పెద్దమ్మా. ఆని అసలు పాటలు మస్తుగున్నయి. అవి ఇను.”

“అన్నీ ఇన్న బిడ్డా. మళ్ల మళ్ల ఇన్న. అన్నిట్ల లోకాన్నే పిలిచిండు, లోకంతోనే లొల్లి పెట్టుకున్నడు. ఒక్కదాంట్ల గూడ నన్ను పిలువలే.”

“అందుకే గా దొంగపాటల పిలిపిచ్చిండు! నీ కడుపుకోతను బజార్ల పెట్టిండు!”

మొగిలమ్మ తలెత్తింది.

“గట్ల పిలిపియ్యమని ఓంప్రకాశ్‌ను నేనే అడిగిన బిడ్డా.”