తలతో చెప్పండి

కుర్చీ ఇలా లాక్కుని దగ్గరగా కూర్చో, ప్లోవ్‌దివ్ ఊళ్ళో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ సంగతి చెబుతాను.

పొద్దుటి నుంచి అక్కడ పనిచేసే వెలిచ్కా అనే పిల్లకి కుట్టు కుదరడం లేదు. కాలరు వంకర పోతోంది. దారం తెగుతోంది.

"ఏమే, వేలు కూడా కలిపి కుట్టేస్తావా?" పక్క మిషన్ మీది గీనా కసిరింది.

"యజమాని మనల్నీ అడుగుతాడంటావా పిన్నీ?"

"అడక్క మానతాడా? అందరూ ఏం చెబితే నువ్వూ అదే చెప్పు. ఇంట్లో పొయ్యి వెలిగేది నీ ఒక్కదాని రెక్కల మీదే, గుర్తుపెట్టుకో."

గొడవంతా వెనక తలుపు గురించి. ఇటలీ నుంచి కొత్తగా వచ్చిన యజమాని, పేరు రెనాతో, బట్ట దొంగతనంగా పోతోందని దానికి తాళం వేయించాడు. మొన్న ఇస్త్రీ బల్ల దగ్గర పొగ లేస్తే ఆడవాళ్ళంతా పరుగెత్తి ఆ తలుపు మీద పడ్డారు. తెరుచుకోలేదు. మంట పెద్దది కాలేదు కాబట్టి బతికారు.

ఎవరో వెళ్ళి కార్మిక శాఖలో చెప్పేశారు. అధికారి వచ్చాడు, మళ్ళీ వస్తానని హెచ్చరించి పోయాడు. చెప్పిందెవరో మాత్రం బయటపెట్టలేదు.

భోజనాలు కాగానే రెనాతో అందరినీ వరసగా నిలబెట్టాడు. ఇక్కడి భాష ఆయనకి అరకొరే. దుబాసీ ఆ రోజు రాలేదు.

"మాటలు వద్దు. తలతో చెప్పండి. ఫిర్యాదు చేసిన మనిషి... ఇంటికే." గీనా ముందు ఆగాడు. "నువ్వేనా?"

గీనా ఆయన కళ్ళలోకి సూటిగా చూసి తల పైకీ కిందికీ ఊపింది.

రెనాతో మొహం కందిపోయింది. పక్కావిడని అడిగాడు. ఆవిడా అలాగే ఊపింది. ఆ తరవాతావిడా అంతే. వరస సగమయ్యేసరికి ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. అందరినీ గెంటేస్తే చొక్కాలు ఎవరు కుడతారు?

ఆఖరున వెలిచ్కా. ఆమె చెయ్యి ఆప్రాన్ ముడి మీదికి పోయింది. కళ్ళు మూసుకుంది. తల అడ్డంగా ఊపింది.



"ఎంత పని చేశావే!" అంది గీనా.

రెనాతో మాత్రం వెలిచ్కా భుజం తట్టాడు. "ఈమె... ఒక్కతే... నమ్మకం! ఇకనుంచి మీ ఫిర్యాదులన్నీ ఈమెకే చెప్పండి." విసవిసా వెళ్ళి, వెనక తలుపు తాళం తన చేత్తోనే తీశాడు.

సగం విప్పిన ముడి పట్టుకుని వెలిచ్కా అలాగే నిలబడిపోయింది.

ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం ఆఖర్న ఈ ఒక్క మాటా కలపడం మరిచిపోకు: మా బల్గేరియాలో తల నిలువుగా ఊపితే 'కాదు', అడ్డంగా ఊపితే 'అవును'.