గడియ మార్చండి

పెద్దాయన మళ్ళీ వచ్చాడు.

కారు కింద పడుకుని పని చేస్తున్న షెడ్డు మేస్త్రి ఆ చెప్పుల చప్పుడు విని "వచ్చాడ్రా దేవుడా" అనుకున్నాడు. పొద్దున్నుంచీ వంగి వంగి నడుము పట్టేసింది. ఈయనతో వాదించే ఓపిక లేదు.

పెద్దాయన నేరుగా పాత కారు దగ్గరికెళ్ళి తలుపు తీశాడు, వేశాడు. మళ్ళీ తీశాడు, వేశాడు.

"తాతా, అది తలుపా, ఉయ్యాలా?"

"ఈ గడియ మార్చెయ్యి నాయనా. గట్టి కుదుపొస్తే ఊడుతుంది. తలుపు కీలు వెనకవైపు ఉంది. కాస్త సందు దొరికితే గాలే లాగేస్తుంది."

"ఎన్నిసార్లు చెప్పాలి? మార్చకూడదు!"

ఆ షెడ్డులో అదొక శాసనం. ఆ కారు ఫ్యాక్టరీలో తయారైంది కాదు. ఎవరో మేస్త్రి రేకు కొట్టి, ఒంపులు తిప్పి, చేత్తో కట్టిన బాడీ. అలాంటివి చాలా కొద్దే ఉన్నాయి. ఆయన పేరు కూడా ఎవరికీ తెలీదు గానీ ఆ పనితనానికి మిగతా మేస్త్రులంతా దణ్ణం పెడతారు. దాని మీద కొత్తగా ఒక్క చిల్లు కూడా పొడవరు.

"అంతటి పనిమంతుడు ఆలోచించకుండా పెట్టాడంటావా ఈ గడియ?"

"ఆలోచించలేదు. చూడ్డానికి బాగుందని పెట్టాడు."

మేస్త్రికి ఒళ్ళు మండింది.

అంతలో కారు కొనుక్కున్న డాక్టరుగారు వచ్చారు. వెంట ఆయన కూతురు. ఇక రోజూ ఈ కారులోనే బడికెళ్తానని గంతులేస్తోంది.

పెద్దాయన ఆ పిల్లను చూశాడు. సంచిలోంచి గుడ్డలో చుట్టిన గడియలు తీశాడు.

"బాబూ, ఇవి సగం పడినా పట్టు విడవవు. నేనే బిగిస్తాను. కాదనకండి."

"ఎవరీయన?" అన్నారు డాక్టరు.

"ఎవరో సార్. పనీపాటా లేక వస్తుంటాడు."

"చూడండి పెద్దాయనా, ఈ కారు చేసినాయన మీద గౌరవంతో కొన్నాను. ఆయన గడియ పీకి మీ గడియ పెట్టించమంటారా?"

"ఆయన కాలిగోటికి సరిపోతావా నువ్వు?" అని మేస్త్రి అందుకున్నాడు. అనకూడని మాటే. అలసటలో నోరు జారింది.

పెద్దాయన గడియలు బల్ల మీద పెట్టాడు.

"బస్టాండు వెనక సందులో చివరి ఇల్లు మాది. మనసు మారితే కబురు చెయ్యండి."

ఎవరూ కబురు చెయ్యలేదు.

వానలు మొదలయ్యాక, బడి మలుపులో చక్రం గుంతలో పడింది. తలుపు బార్లా తెరుచుకుంది. పిల్ల రోడ్డు మీద పడింది. వెనక లారీవాడు సమయానికి బ్రేకు తొక్కాడు కాబట్టి చెయ్యి విరగడంతో సరిపోయింది.

డాక్టరుగారు కారు తెచ్చి షెడ్డులో పెట్టి, జరిగింది చెప్పి కుర్చీలో కూలబడ్డారు.

మేస్త్రి మూలన పారేసిన ఆ గడియలు వెతికి తెచ్చాడు. కొత్త చిల్లు ఒక్కటీ పొడవక్కర్లేకపోయింది. పాత చిల్లులకే అతికినట్టు సరిపోయాయి. అతనికి ఏడుపొచ్చింది.

ఇద్దరూ ఆ సందులోకి వెళ్ళారు, ఆయన చేతులు పట్టుకుని క్షమించమని అడగాలని.

పెద్దాయన కోడలు తలుపు తీసింది.

"మామయ్యగారు పోయారండీ. నెల దాటింది."

డాక్టరుగారు తన పేరు చెప్పి, ఆయన్ని చూడ్డానికే వచ్చామన్నారు.

"కారు డాక్టరుగారు మీరేనా?" అందామె. "ఆఖరిదాకా మీ కారు ధ్యాసే. మా అత్తయ్య అలాంటి కారు తలుపు తెరుచుకునే, కిందపడి చనిపోయారు. అప్పట్నుంచీ ఆ కార్లు ఎక్కడున్నాయో వాకబు చేసుకుంటూ వెళ్ళి, బతిమాలి గడియలు మార్చి వచ్చేవారు. మీదొక్కటే మిగిలిపోయింది."

"ఆ కార్లే ఎందుకమ్మా?" అన్నాడు మేస్త్రి.

"చెప్పలేదా మీకు? చెప్పుకోడానికి సిగ్గుపడేవారు లెండి. అవన్నీ ఆయన చేత్తో కట్టినవే."