బాగానే ఉందండీ

“ఇవాళ చెప్పేస్తాను” అన్నాడు అబ్బాయిరాజు, కారు కైకలూరు దాటగానే. “అందరి ముందూ మైకులో చెప్పేస్తాను.”

“మీరా?” అంది గంగాభవాని. “పోయినేడు మేత కొట్టువాడు బూజు పట్టిన మేత అంటగడితే, వాడికి కాఫీ ఇచ్చి గుమ్మం దాకా సాగనంపారు మీరు.”

“అది రొయ్యల సంగతి. ఇది నా సంగతి.”

ఆరేళ్ళ కిందట అబ్బాయిరాజుకి పెద్దపేగు చివర కేన్సర్ వచ్చింది. ఏలూరులో డాక్టర్ మల్లికార్జునరావు ఆపరేషన్ చేశాడు. ప్రాణం నిలిచింది. కానీ కింది దారి మూసేసి, పేగుని పొట్ట మీదికి తెచ్చి, అక్కడ ఒక సంచి తగిలించాడు. ఇక జన్మంతా అంతే.

అప్పటినుంచి అబ్బాయిరాజు పెళ్ళిపందిట్లో కూర్చోలేదు. పంక్తిలో తినలేదు. ఎప్పుడు ఏ చప్పుడు వస్తుందో, ఏ వాసన వస్తుందోనని రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో పడుకుంటాడు. ఇంట్లో మంచం ఇంట్లోనే ఉంది.

ఏటా డాక్టరుగారి శిష్యులు వచ్చి అడిగేవారు.

“సంచితో ఎలా ఉందండీ?”

వచ్చింది ఇంటికి. వచ్చినవాళ్ళు ప్రాణం పోసినాయన మనుషులు. మొహం మీద బాగోలేదని ఎలా అంటాడు? “బాగానే ఉందండీ, డాక్టరుగారి చలవ” అనేవాడు. గంగాభవాని పూతరేకులు పెట్టేది. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో సంచి ఉన్న ప్రతివాడూ ఆ మాటే అన్నాడు. మర్యాద గల ఊళ్ళు.

ఆ మర్యాదనంతా మూటగట్టి మల్లికార్జునరావు ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశాడు. సంచి తగిలించినా మనిషి బతుకులో తేడా ఏమీ రాదని తేల్చేశాడు. ఆ వ్యాసాన్ని చూపించి నాలుగు వేలమంది తమ వ్యాసాలు రాసుకున్నారట. అదే గొప్పట. ఒకడు అన్నదాన్ని పట్టుకుని ఊరంతా అంటే పుకారు అంటాం. డాక్టర్లంతా అంటే అది పరిశోధన.

అందుకే ఇవాళ వట్లూరులో సన్మానం. వ్యాసానికి ప్రాణమున్న రుజువు కావాలి గనక అబ్బాయిరాజుకి కారు పంపారు. సభలో సంచి నిండకూడదని నిన్న మధ్యాహ్నం నుంచి అతను మంచినీళ్ళతోనే ఉన్నాడు. గంగాభవాని బ్యాగులో ఒక కొత్త సంచి, తడి తువ్వాలు పెట్టుకుని బయల్దేరింది.

హాలు నిండా డాక్టర్లు. సెంటు వాసన గుమ్మం దగ్గరే కొట్టింది. అది మల్లికార్జునరావుది. ఇదివరకు చొక్కా టక్ చేసి, బెల్టు బిగించి టకటకా తిరిగేవాడు. పేరు వచ్చాక మోకాళ్ళ దాకా జుబ్బా వచ్చింది. పెసరట్టు, ఉప్మా వేడివేడిగా తెచ్చి పెడితే చేత్తో ముట్టలేదు. లండన్‌లో సభలకెళ్ళి తిన్న నోటికి మన టిఫిన్ ఎందుకు రుచిస్తుంది? వేదిక మీద మధ్య కుర్చీ వద్దని, మెట్ల పక్క చివరి కుర్చీలో కూర్చున్నాడు. అదొక వినయం.

“చూశారా, ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు” అంది గంగాభవాని. “పెద్దవారైపోయారు.”

“ఉండు. నా మాట విన్నాక దిగొస్తాడు.”

శిష్యుడు డాక్టర్ అనిరుధ్ మైకు అందుకున్నాడు.

“మా గురువుగారి వ్యాసం చదవని దేశం లేదండీ! ఇక నా మాటలెందుకు? మనిషినే చూపిస్తాను. అబ్బాయిరాజుగారూ, ఇలా రండి!”

అబ్బాయిరాజు పంచె సర్దుకుంటూ మెట్లెక్కాడు.

“సంచి పెట్టి ఆరేళ్ళయింది కదండీ. ఎలా ఉందండీ?”

అబ్బాయిరాజు గొంతు సవరించుకున్నాడు.

“నిజం చెప్పాలంటే అండీ...”

కింద గంగాభవాని ముందుకు వంగింది.

మల్లికార్జునరావు తలే ఎత్తలేదు. నేల చూస్తూ కూర్చున్నాడు. లోకానికి పాఠం చెప్పినవాడు. రోగి చెప్పేది ఆయనకెందుకు?

అబ్బాయిరాజు ఆయన బట్టతలని కాసేపు చూశాడు.

“నిజం చెప్పాలంటే అండీ... బాగానే ఉందండీ. అంతా డాక్టరుగారి చలవ.”

చప్పట్లు మోగాయి. గంగాభవాని నుదురు కొట్టుకుంది.

అనిరుధ్ గులాబీల మాల తెచ్చి గురువుగారి మెడలో వేశాడు. ఆనందం పట్టలేక గట్టిగా వాటేసుకున్నాడు. మల్లికార్జునరావు అతన్ని ఒక్క తోపు తోశాడు. మాల తీసి కుర్చీలో పడేసి, వేదిక వెనక్కి వెళ్ళిపోయాడు. సభకి నమస్కారం కూడా లేదు. కావలసిన మాట దొరికింది, ఇంకేం పని?

అబ్బాయిరాజు కిందికి దిగి భార్య దగ్గరికి వచ్చాడు.

“భలే చెప్పారు” అంది ఆవిడ. “పనిలో పని, కాఫీ కూడా ఇచ్చి రావలసింది.”

“తర్వాత తిడుదువు గాని, ఆ బ్యాగు ఇలా ఇవ్వు. కడుపులో గుడగుడమంటోంది.”

వేదిక వెనక ఉన్నది ఒకటే బాత్రూమ్. లోపల గడియ వేసి ఉంది. తట్టాడు. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

“ఎవరండీ లోపల? నేను అబ్బాయిరాజునండీ. కాస్త తొందరండీ.”

గడియ తీశారు. తలుపు జానెడు తెరుచుకుంది. సెంటు వాసన గుప్పుమంది.

జుబ్బా పైకెత్తి పట్టుకుని డాక్టర్ మల్లికార్జునరావు, “అబ్బాయిరాజుగారూ, మీ దగ్గర ఇంకో సంచి ఉంటే ఇలా ఇవ్వండి, నాది ఊడిపోయింది” అన్నాడు.