భయం చుక్కలు

తమ్ముణ్ణి సముద్రం పొట్టనపెట్టుకున్నాక సింహాద్రి భయంతో పడవ వైపే వెళ్లేవాడు కాదు. ఇంట్లో పొయ్యి వెలగడం మానేసింది. పేటలో మగాళ్లందరూ వాడుతున్న ఆర్‌ఎన్‌ఏ చుక్కలు తెచ్చి, భార్య నూకరత్నమే అతని ముక్కులో వేసింది. మెదడులో భయం పుట్టించే జన్యువును అవి నిద్రపుచ్చుతాయన్నారు. నిద్రపుచ్చాయి.

ఇవాళ రేవులో తుపాను జెండా ఎగురుతోంది. సింహాద్రి ఈల వేస్తూ పడవలో వల సర్దుకుంటున్నాడు. మిగతా పడవలు అప్పటికే అలలు దాటుతున్నాయి.

నూకరత్నం చుక్కలిచ్చే నర్సు దగ్గరికి పరుగెత్తింది.

"బయ్యం మల్లీ లేపే మందు నేదా అమ్మా?"

"ఉంది. కానీ పనిచెయ్యడానికి నెల పడుతుంది."

వెనక్కి పరుగెత్తుకొచ్చింది. వాళ్ల పేటలో ఆడది చేపల వేటకెళ్లే పడవ ఎక్కదు. ఎక్కితే అపశకునమని మగాళ్లు హడలిపోయి దించేస్తారు, ఆ పూటకి వేట మానేస్తారు. నూకరత్నం నడుంలోతు నీళ్లలోకి దిగి, పడవెక్కి కూర్చుంది.

"నువ్వెల్తే నానూ వత్తాను మావా."

తన కోసమైనా బెదురుతాడేమోనని అతని కళ్లలోకి చూసింది. సింహాద్రి నవ్వి, వల పక్కకి జరిపి చోటిచ్చాడు.

"ఇటేపు కూకో రత్నం. గాలి బాగున్నాది," అంటూ ఇంజను తాడు లాగాడు.