వెనక వచ్చిన మనిషి

ఆమె భయం ఒక్కటే. తాను చెయ్యి వదిలిన క్షణంలో పాపను ఎవరో ఎత్తుకుపోతారని.

లాడ్జి గదిలో గడియ సరిగ్గా పడలేదని తలుపుకి కుర్చీ అడ్డం పెట్టింది. కుర్చీ మీద సూట్‌కేసు పెట్టింది. దాని మీద భర్త బూట్లు కూడా పెట్టింది.

"మంచినీళ్ళకి లేచి నేనే పడ్డాను" అంది అత్తగారు పొద్దున్నే మోకాలు రుద్దుకుంటూ. "దొంగొస్తే వాడూ పడేవాడేలే."

ఆకులు రాలే రోజులు. శని, ఆదివారాలు కొండల్లో తిరిగి అడవి పళ్ళు కోసుకుందామని భర్త సరదాపడి తీసుకొచ్చాడు.

మధ్యాహ్నానికి గుడ్డసంచి నిండింది. పాప మూతి ఊదారంగుకి తిరిగింది.

దిగడం మొదలుపెట్టాక ఆమె ఆ మనిషిని చూసింది.

పొడుగ్గా ఉన్నాడు. చెవులు మూసే టోపీ, చేతిలో కర్ర. బుట్ట లేదు, సంచి లేదు, వెంట ఎవరూ లేరు.

వీళ్ళు ఆగితే ఆగుతున్నాడు. నడిస్తే నడుస్తున్నాడు.

"ఏమండీ, వాడు మన వెనకే వస్తున్నాడు."

"ఉన్నది ఒక్క దారే కదా, ఎగిరి రమ్మంటావా?"

"దాటి పోవచ్చుగా మరి? పిల్లతో మనం నత్తల్లా దిగుతున్నాం."

భర్త ఒకసారి వెనక్కి చూసి మళ్ళీ నడిచాడు.

పాప గుప్పిట్లోంచి దారి పొడుగునా పళ్ళు జారిపోతున్నాయి. అతను ఒక్కొక్కటే వంగి ఏరుతున్నాడు. జేబులో వేసుకుంటున్నాడు.

"చూశారా! పిల్ల పడేసినవి ఏరుకుంటున్నాడు."

"ఆకలేమో పాపం" అంది అత్తగారు.

"పొదల నిండా కాసి ఉన్నాయి కదత్తయ్యా! మన పిల్ల చేతిలోవే కావాలా?"

అత్తగారు పాప రెండో చెయ్యి తను పట్టుకుంది.

అతను మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

'వీడొక్కడే కాదు. ఇంకెవరో ఉన్నారు' అనుకుంది ఆమె.

దారి రెండుగా చీలేచోట అతను గబగబా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఆ పళ్ళ సంచి ఇలా ఇచ్చేయండి."

ఆమె పాపను వెనక్కి లాక్కుంది. "ఎందుకివ్వాలి?"

"ఇచ్చేయండమ్మా. పాపని ఎత్తుకోండి. పరుగెత్తకండి. గట్టిగా మాట్లాడుకుంటూ దిగండి."

అతని గొంతు మాత్రం పెరగలేదు.

"నా పిల్ల సంగతి నీకెందుకు? ఏమండీ, మీరు మాట్లాడరేం?"

భర్త గొంతు సవరించుకున్నాడు. "చూడండి, దారికడ్డం వచ్చి ఇలా అడగడం ఏం బాగాలేదు."

"అవునండీ, బాగాలేదు" అన్నాడతను. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆమె సంచి తీసి అతని మొహాన కొట్టింది.

"తీసుకుని పో! మళ్ళీ మా వెనక కనిపించావో, రాయి పుచ్చుకుంటాను!"

పళ్ళు చెల్లాచెదురయ్యాయి. అతను ఒక్కటి కూడా వదలకుండా ఏరి సంచిలో వేసుకున్నాడు. కిందికి దిగలేదు. రెండో దారిన పైకెక్కాడు.

"హమ్మయ్య! ఈ పళ్ళ కోసమా అంత నాటకం!" భర్తకి అప్పుడు నవ్వొచ్చింది.

"గట్టిగా మాట్లాడుకోమన్నాడుగా, తిట్టండి మరి" అంది అత్తగారు.

కిందికి చేరేదాకా ముగ్గురూ అతన్ని గొంతెత్తి తిడుతూనే దిగారు. ఆమె చంకలో పాప కేరింతలు కొట్టింది.

కొండ కింద గేటు దగ్గర టిక్కెట్లు చింపే ఆవిడ వీళ్ళ చేతులు చూసింది.

"ఏం, పళ్ళు దొరకలేదా?"

"దొరికాయి. ఎవడో లాక్కున్నాడు. ఎవర్ని పడితే వాళ్ళని పైకి పంపిస్తారా మీరు?"

"చెవుల టోపీ, కర్ర?"

"వాడే."

ఆవిడ లేచి నిలబడింది. "సంచి ఇమ్మని అడిగాడా? తీసుకుని ఎటు పోయాడు?"

"పైకి."

ఆవిడ వీళ్ళతో మాట్లాడటం ఆపేసి ఫోన్ అందుకుంది.

"ఎలుగుబంటి దిగింది. పైదారిన మనుషుల్ని పంపండి, తొందరగా. ఆయన ఒక్కడే ఉన్నాడు."

ఆమె పాపను ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఎలుగుబంటా? ఎక్కడ?"

"మీ వెనకమ్మా. చలి ముదిరేలోగా దానికి కడుపు నిండాలి. పళ్ళ వాసన పట్టిందంటే ఇక వదలదు."

"ఆ మాట మాకు చెప్పొచ్చుగా!"

"చెబితే పిల్లనెత్తుకుని పరుగెత్తరూ? పరుగెత్తేవాళ్ళనే అది తరుముతుంది."

భర్త మెల్లగా అడిగాడు. "ఆయన ఇక్కడి ఉద్యోగా?"

"ఎవరూ పెట్టలేదండీ. ఒక ఏడాది మీలాగే భార్యతో, బిడ్డతో పళ్ళకొచ్చాడు. దిగేటప్పుడు ముందు తను నడిచాడు. వెనకొస్తున్న వాళ్ళిద్దరూ కిందికి రాలేదు."

పొద్దుగూకేదాకా వాళ్ళు అక్కడే నిలబడ్డారు. పైకి వెళ్ళిన మనుషులు దిగలేదు. గేటు దగ్గరావిడ ఇక వెళ్ళమంది.

ఇంటికొచ్చాక ఆమె ఆ గేటుకి ఫోన్ చేస్తూనే ఉంది. కొండదారి మూసేశామని రికార్డు చేసిన గొంతు తప్ప ఇంకెవరూ పలకడం లేదు.

మీరు ఏ కొండకి పళ్ళకెళ్ళినా సరే, మీవాళ్ళంతా దిగారని బండెక్కేయకండి. మీ వెనక వచ్చిన మనిషి కూడా దిగాడో లేదో, దయచేసి ఒక్కసారి కనుక్కోండి.