మూడో లైటు కింద

లిప్‌స్టిక్ కొత్తది కొనాలి, బాగా ఎర్రటిది. హీల్స్‌లో ఒకదాని మడమ కదులుతోంది, అతికించాలి. పద్నాలుగు పాటలూ వరస తప్పకుండా అద్దం ముందు రెండుసార్లు. పసుపు చొక్కా ఇస్త్రీ. మధ్యాహ్నం రెండింటికల్లా గేటు దగ్గర. మొదటి వరసలో మూడో లైటు కింద.

చీటీలో రాసుకున్నవి ఇవే. చివరి దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

ఆమె పని చొక్కాలకు కాలర్లు కుట్టడం. ఆ రోజు అందరికన్నా ముందే మిషన్ ముందు కూర్చుని, భోజనం వేళకల్లా కట్ట మొత్తం కుట్టేసి, సెలవడగడానికి యజమానురాలి ముందు నిలబడింది.

యజమానురాలు కళ్లజోడు మీదుగా చూసింది. "మళ్లీ ఆ మైనా కచేరీయేనా?"

"అవునండీ."

"నలభై ఆరేళ్లొచ్చాయి. ఇదేం పిచ్చి తల్లీ నీకు?"

ఆమె నవ్వి ఊరుకుంది. పిచ్చి అనుకున్నవాళ్లు కారణం అడగరు. సెలవు కూడా తొందరగా ఇచ్చేస్తారు.

మైనా అనేది ఆ గాయకుడికి అభిమానులు పెట్టుకున్న పేరు. అతను గొంతు విప్పితే పాతికవేల మంది గొంతు కలుపుతారు. రెండేళ్లుగా అతను స్టేజీ మీదికి చెప్పుల్లేకుండా వస్తున్నాడు. ఇంకేముంది, అభిమానులూ ఉత్త కాళ్లతో రావడం మొదలుపెట్టారు. గేటు బయట చెప్పులు గుట్టలు పడతాయి. తిరిగొచ్చేటప్పుడు ఎవరివి ఎవరి కాళ్లకుంటాయో దేవుడికే తెలియాలి.

అలాంటి చోటికి మూడంగుళాల హీల్స్‌తో టకటకమంటూ ఈవిడ. ఏ కచేరీ అయినా మొదటి వరసలో ఉంటుంది కాబట్టి కుర్రకారు ఆవిడకీ ఒక పేరు పెట్టేశారు, లిప్‌స్టిక్ ఆంటీ అని. గేటు కాపలా అతనైతే ఆవిణ్ణి చూడగానే, ఆంటీ వచ్చేసింది, ఇక తలుపులు తియ్యొచ్చు అంటాడు.

తలుపులు తీశారు. పరుగు తీసింది. కానీ మూడో లైటు కింద అప్పటికే ఒక కాలేజీ పిల్ల పాతుకుపోయి ఉంది. చేతిలో పెద్ద అట్ట. దాని మీద 'మైనా, నన్ను పెళ్లి చేసుకో' అని తాటికాయంత అక్షరాలు.

"అమ్మాయ్, కాస్త జరుగుతావా? నేనిక్కడే నిలబడాలి."

"లైటు మీద మీ పేరేమైనా రాసుందా ఆంటీ?"

"లేదమ్మా. అతనికి నా మొహం కనపడాలి. అంతే."

"అందరి ఏడుపూ దానికేగా."

అంది గానీ, ఆ పసుపు చొక్కా, ఆ ఎర్రటి పెదాలు చూసి పిల్లకి జాలేసింది. జానెడు జరిగింది. చెప్పులు మాత్రం విప్పాల్సిందేనని, లేకపోతే మైనాని అవమానించినట్టేనని పట్టుబట్టింది. విప్పితే నీ భుజం దాటను, ఇక నేనెవరికి కనపడతానని ఆవిడ బతిమాలుకుని హీల్స్‌తోనే నిలబడింది.

పొద్దు వాలుతుండగా మైనా వచ్చాడు. వరసంతా చూసుకుంటూ వచ్చి మూడో లైటు దగ్గర చూపు నిలిపి నవ్వాడు. నవ్వు తనకేనని కాలేజీ పిల్ల కెవ్వున అరిచింది.

పాట మొదలైంది. అందరూ గంతులేస్తున్నారు. ఆవిడ మాత్రం కదల్లేదు. ఫోను తియ్యలేదు. పెదాలు మాత్రమే ఆడుతున్నాయి, అదీ గొంతు బయటికి రాకుండా.

"ఏంటాంటీ, మైనా కంటే మీరే ముందు పాడేస్తున్నారు," అంది పిల్ల. ఆవిడ తల తిప్పలేదు.

వెనకనుంచి ఎవరో ఫలానా పాట కావాలని గొంతు చించుకున్నారు. మైనా పట్టించుకోలేదు. ఎప్పుడూ పట్టించుకోడు. గిట్టనివాళ్లు దాన్ని పొగరంటారు, అభిమానులు తపస్సంటారు.

తొమ్మిదో పాట సగంలో ఉండగా పిల్లకి పూనకం వచ్చినట్టయింది. అట్ట పైకెత్తింది. అది సరిగ్గా ఆవిడ మొహానికి అడ్డం పడింది.

మైనా ఆగిపోయాడు. వాయిద్యాలు సాగిపోతున్నాయి. అతని కళ్లు మూడో లైటు కింద తడుముకుంటున్నాయి. ఏమీ తోచనివాడిలా మైకు జనం వైపు చాపాడు. జనం అందుకున్నారు.

ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"దించు! దించవే!" అంటూ పిల్ల చెయ్యి పట్టుకుని కిందికి లాగేసింది. అట్ట చిరిగింది. ఆవిడ పెదాలు మళ్లీ ఆడాయి. మైనా సరిగ్గా ఆ పదం దగ్గరే అందుకున్నాడు.

మైదానం దద్దరిల్లింది. భావం తట్టుకోలేక ఆగిపోయాడని వెనక ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు.

కచేరీ అయ్యాక, చెప్పుల గుట్టలో వెతుక్కుంటూ పిల్ల మూతి ముడుచుకుంది. అట్ట అడ్డమొస్తే ఇంత కోపమా అని నిలదీసింది. ఆవిడ చేతిగుడ్డతో లిప్‌స్టిక్ తుడుచుకుంటూ, తప్పయిపోయిందని, భయం వేసి అలా చేశానని చెప్పింది. భయం దేనికో చెప్పలేదు.

పిల్ల కాస్త మెత్తబడింది. "సర్లెండి. ఒక్క కచేరీ కూడా వదల్లేదుగా, మీకు బాగా నచ్చిన పాటేది?"

ఆవిడ చేతిగుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఏదీ కుదురుగా వినలేదమ్మా."

పిల్ల పగలబడి నవ్వింది. ఆవిడా నవ్వింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని పై వారం కచేరీకి కొత్త చీటీ రాసుకుంది. అన్నీ పాతవే. కింద ఒక్కటి మాత్రం కొత్తగా చేర్చింది, అట్టలున్న పిల్లలకి దూరంగా నిలబడాలని.

ఈసారి మైనా పాట ఎక్కడైనా మీ చెవిన పడితే, రెండేళ్లుగా తన పాట తనకే వినపడక, ఉత్త కాళ్లకి తగిలే అదురుతో తాళం పట్టుకుంటున్న ఆ తమ్ముడికి మొదటి వరసలో నిలబడి పెదాలతో ఒక్కో పదం అందిస్తున్న ఆ అక్కని కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.