ముందు మీరు

“ఈల వేసేసరికి పైన అడ్డకొయ్య మీద నిలబడ్డావా, ఓడలో ఉంటావు. లేదంటే రేవులోనే దిగిపోతావు. ఇంక మాట్లాడేది లేదు మిసావో!”

ఓడ పనివాళ్ళ పెద్ద, సరంగు ఇవాకి, ఆ మాట అందరి ముందే అనేశాడు. మిసావోకి తల కొట్టేసినట్టయింది. పొద్దుటినుంచి రెండుసార్లు తెరచాప స్తంభం మీదికెళ్ళే తాళ్ళనిచ్చెన ఎక్కబోయింది. రెండుసార్లూ మనిషెత్తు దాటకుండానే దిగొచ్చింది. ఒనోమిచి రేవుకి ఎదురుగా సెలూన్ నడుపుకునే యాభైనాలుగేళ్ళ మనిషి. ‘మినామో’ తెరచాపల ఓడలో జీతంభత్యం లేకుండా పనిచేయడానికి పేరిచ్చి వచ్చింది. పని నేర్చుకునే పిల్లలకి సాయంగా ఉండాలి కాబట్టి, స్తంభం ఎక్కలేనివాళ్ళని ఓడలో ఉంచరు.

పైగా ఇవాళ బయలుదేరే రోజు. ఓడ రేవు వదిలేటప్పుడు అందరూ చెప్పులు విడిచి స్తంభాలెక్కాలి. అడ్డకొయ్యల మీద వరసగా నిలబడి, టోపీలూపుతూ ఒడ్డునున్నవాళ్ళకి మూడుసార్లు వీడ్కోలు చెప్పాలి. అదక్కడి ఆనవాయితీ.

“కొత్తవాళ్ళు ముందు, పాతవాళ్ళు వెనక! ముందువాళ్ళ కాలు జారితే వెనకవాళ్ళు పట్టుకోవాలి. ఊఁ, కానివ్వండి!” అని అరిచి, సరంగు అవతలి స్తంభం వైపు పరిగెత్తాడు.

మిసావో వట్టికాళ్ళతో నిచ్చెన దగ్గరికి వెళ్ళింది. అక్కడ పాతికేళ్ళ పిల్లొకతె నిలబడి ఉంది. అందరిలాగే నీలం చొక్కా, తెల్లటోపీ. మిసావోని చూడగానే ఒక అడుగు వెనక్కి వేసి, నడుం వంచి, నిచ్చెన వైపు చెయ్యి చూపించింది.

“ముందు మీరు.”

నా వెనక వచ్చే పాతమనిషి ఈ పిల్లన్నమాట, అనుకుంది మిసావో. ఇంత చిన్న వయసులో ఎంత పనితనమో! ప్రాణం కాస్త కుదుటపడింది.

“నీ పేరేంటమ్మా?”

“నాగిసా. ఎక్కండి ఆంటీ, టైమవుతోంది.”

“ఆంటీ ఏంటి ఆంటీ? నోరారా అక్కా అనలేవూ?”

“అక్కా, తల్లీ, ఎక్కండి!”

మిసావో ఎక్కింది. మనిషెత్తు దాటింది. ఇద్దరు మనుషులెత్తు దాటింది. సగం దూరం వెళ్ళేసరికి గాలి ఊపందుకుంది. నిచ్చెన అటూ ఇటూ ఊగింది. అంతే, కాళ్ళు కొయ్యబారిపోయాయి.

“నావల్ల కాదు నాగిసా. దిగిపోతాను. నువ్వు దిగు.”

నాగిసా కిందికి తిరిగినట్టుంది, నిచ్చెన ఒకసారి అదిరింది. ఆ వెంటనే కేక వినబడింది.

“దిగడం లేదు, ఏం లేదు! పైకే! కదలండక్కా!”

“సరంగు నిన్నేమీ అనడులే. నేను చెబుతాను.”

“సరంగు సంగతి తర్వాత! కిందికి మాత్రం చూడకండి. చూడకూడదంతే!”

ఆ మాటతో పాటే ఒక చెయ్యి వచ్చి మిసావో చీలమండని పట్టుకుంది. మామూలు పట్టు కాదు, గోళ్ళు దిగేంత పట్టు. నొప్పి పుట్టినా మిసావోకి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. కాలు జారినా ఈ పిల్ల వదలదు.

“నీకు పెళ్ళయిందా?” అని అడిగింది, భయం మర్చిపోవడానికి.

“ఇప్పుడా అడిగేది! ఎక్కండి మహాతల్లీ!”

ఎలా ఎక్కిందో మిసావోకే తెలియదు. అడ్డకొయ్య చేతికి తగిలింది. నడుముకున్న పట్టీ కొక్కెం కొయ్య పొడవునా కట్టిన తీగకి తగిలించింది. కొయ్య కింద వేలాడే తాడు మీద అరికాళ్ళు ఆనించి, కళ్ళు తెరిచింది.

ఎదురుగా సముద్రం. దీవి వెనక దీవి, దాని వెనక మరో దీవి, చివరికి ఏది దీవో ఏది మబ్బో తెలియనంత దూరం. రేవు దాటించే పడవలు కింద చెప్పుల జతల్లా ఉన్నాయి. కొండవాలు మీద తను పుట్టిపెరిగిన ఊరంతా ఒక్క చూపులో ఇమిడిపోయింది. ఇంత సముద్రం పక్కన పెట్టుకుని ఇన్నాళ్ళూ గడ్డాలు గీస్తూ కూర్చున్నానా అనిపించింది. మనిషి ఎంత చిన్న ప్రాణో తెలిసినందుకు దిగులు కలగాలి. మిసావోకి మాత్రం పట్టలేనంత సంతోషం కలిగింది.

పక్కకి తిరిగితే నాగిసా కూడా నోరు తెరుచుకుని చూస్తోంది. చెంపల మీద కన్నీళ్ళు.

“అక్కా... ఇలా ఉంటుందా!”

ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది కాబోలు, అనుకుంది మిసావో.

ఈల మోగింది. ఓడ మెల్లగా రేవుని వదిలింది. మూడు స్తంభాల మీద నుంచి అరవై గొంతులు ఒక్కటై “గోకిగెన్యో!” అన్నాయి. క్షేమంగా ఉండండని మూడుసార్లు. మూడోసారికి మిసావో గొంతు బొంగురుపోయింది. రేవులో జనం చేతులూపుతూ బదులు పలికారు. సరంగు కింద నుంచి ఆమెనే చూసి, టోపీ తీసి ఊపాడు.

దిగేటప్పుడు భయమే వెయ్యలేదు. డెక్కు మీద పాదం మోపగానే మిసావో తలని మోకాళ్ళ దాకా వంచి నాగిసాకి దణ్ణం పెట్టింది.

“నువ్వు వెనక లేకపోతే ఈపాటికి రేవులో నిలబడి ఏడుస్తుండేదాన్ని. అనుభవం అంటే అదీ! ఇంతకీ ఇలా ఎక్కడం నీకు ఎన్నోసారి?”

నాగిసా డెక్కు మీద చతికిలబడి ఉంది.

“ఎన్నోసారేంటక్కా? నేనూ ఇవాళే కదా ఓడెక్కింది! పెద్దవారిని దాటుకుని ఎక్కడం మర్యాద కాదని మీకు దారిచ్చాను. నా వెనక పాతవాళ్ళెవరో వస్తున్నారనుకున్నాను... సగంలో కిందికి చూస్తే, మన వెనక ఎవ్వరూ లేరు!”